అచ్చు అందని వాళ్లకు మన గొంతు అందాలి

పోయిన నెల మండల సంఘం మీటింగు ముగిసింది. జంపఖానాలు చుట్టేస్తున్నాం. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక చెల్లె తమ్ముడి భుజం మీద చెయ్యేసుకొని మా దగ్గరకొచ్చింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. మాట మాత్రం సూటిగా అడిగింది.

"అన్నా, చదువాలె చదువాలె అని పొద్దుగూకులు చెప్తున్నరు. మీ పత్రిక నేనెట్ల చదువాలె? మా తమ్ముడు చదివితే ఇంట. ఆడు పత్తి ఏరబోయిన దినం నాకు పత్రిక లేదు. పరీక్ష పుస్తకాలు గూడ గంతే."

ఏదో సర్దిచెప్పబోయాం. నోటికి మాట రాలేదు. ఇన్నేళ్లుగా పత్రిక నడుపుతున్నాం. ఎన్ని ప్రతులు అమ్మాం, ఎన్ని మిగిలాయి, చందా ఎవరు కట్టలేదు, అన్నీ లెక్కరాసి పెట్టుకున్నాం. మన వాడల్లో ఈ పత్రికను పట్టుకోగలిగీ చదవలేని వాళ్లు ఎంతమంది అని ఒక్కనాడూ లెక్క రాయలేదు. ఆ లెక్క ఆమె రాయించింది. ఈ సంపాదకీయం ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు. ఆలస్యమైన జవాబు.

మిత్రులారా, చదువు నుంచి మనుషుల్ని గెంటెయ్యడం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగిన సీసం, లక్క పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసింది. పలికితే నాలుక కొయ్యాలన్నది. జాగ్రత్తగా చూడండి, వాళ్లు మొదట పట్టుకున్నది కంటిని కాదు, చెవిని. ఎందుకంటే ఆ కాలంలో చదువంతా చెవి చదువే. వినేవాడి చెవి మూసేస్తే చదువు మూసేసినట్టే. తర్వాత చదువు తాటాకు మీదికి, కాగితం మీదికి వచ్చింది. అప్పుడు మనల్ని బడి గుమ్మం బయట కూచోబెట్టారు. చెవి చదువైనప్పుడు చెవి మూశారు, కంటి చదువైనప్పుడు కంటికి దూరం చేశారు.

అయినా మనవాళ్లు ఊరుకున్నారా? జాంబపురాణం ఎవరు కాపాడారు? చిందు వాళ్లు, డక్కలి వాళ్లు. పుస్తకం చూసి కాదు, ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి. మనది వందల ఏళ్ల చెవి చదువు. చూపు లేని ముసలివాళ్లు కథంతా అప్పజెబితే వాడంతా తెల్లవార్లూ కూచుని విన్నది. అలాంటి వాడలో చూపులేని ఒక ఆడపిల్ల పుస్తకం కోసం తమ్ముడి తీరిక కోసం ఎదురుచూస్తున్నదంటే, అది ఆమె లోపం కాదు. మన లోపం.

అచ్చు అందని వాళ్లంటే చూపు లేనివాళ్లు మాత్రమే కాదు. మసక చూపుతో అక్షరం అలుక్కుపోయేవాళ్లున్నారు. చేతులు స్వాధీనం లేక పుస్తకం పట్టుకోలేనివాళ్లు, పేజీ తిప్పలేనివాళ్లున్నారు. కళ్లు బాగానే ఉన్నా అక్షరాలు తారుమారుగా తోచే పిల్లలున్నారు. దాన్ని డిస్లెక్సియా అంటారు. ఆ పిల్లల్ని మన బళ్లలో ఏమంటున్నారో మీకు తెలుసు. "మొద్దు", "మట్టిబుర్ర" అంటారు. మన పిల్లాడైతే దానికి కులం పేరు కూడా కలిపి, "మీకు చదువులెందుకురా" అంటారు. మూడో తరగతిలో ఆ మాట పడ్డ పిల్లాడు ఐదో తరగతికి పశువుల వెంట పోతాడు. ఆ పిల్లాడికి పాఠం చదివి వినిపించి చూడండి, ఠకీమని జవాబు చెబుతాడు. బుర్రలో లోటు లేదు, అచ్చుకూ వాడికీ మధ్య దారి లేదు.

ఇది ఎక్కడో ఒకరిద్దరి గొడవ అనుకుంటే పొరపాటు. 2011 జనగణనలో దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు తేలారు. అందులో చూపు సమస్య ఉన్నవాళ్లే 50 లక్షల పైచిలుకు. మొత్తం జనాభాలో వికలాంగులు 2.21 శాతం అయితే, షెడ్యూల్డు కులాల్లో 2.45 శాతం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దేవుడు రాసిన రాత కాదిది. పిల్లలకు సరైన తిండి లేకపోతే, ఏ విటమిన్ చాలకపోతే కళ్లు పోతాయి. పొంగుచూపితే, సమయానికి మందు అందకపోతే పోతాయి. క్వారీలో రాయి కొట్టేవాడి కంట్లో రాతి ముక్క పడితే పోతాయి. శుక్లాలకు ఆపరేషన్ చేయించుకోవడానికి పట్నం పోలేని ముసలమ్మకు పోతాయి. 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిపిన కంటి సర్వే కూడా పేదల్లోనే చూపు కోల్పోవడం ఎక్కువని చెప్పింది. పేదరికం ముందు కంటిని తింటుంది. తర్వాత ఆ కన్ను లేదన్న నెపంతో చదువును తింటుంది.

ఇప్పుడు ఒక కథ చెబుతాం. ఫ్రాన్సు దేశంలో కూప్రే అనే ఊరు. అక్కడ గుర్రాలకు జీనులు, పట్టెడలు కుట్టే ఒక తోలు పనివాడు. ఆయన కొడుకు లూయీ బ్రెయిలీ, 1809లో పుట్టాడు. మూడేళ్లప్పుడు తండ్రి పనిచేసే చోట ఆరె పట్టుకొని తోలుకు బెజ్జం వెయ్యబోయాడు. ఆరె జారి కంట్లో గుచ్చుకుంది. చీము పట్టి రెండో కంటికీ పాకింది. ఐదేళ్లకు చూపు మొత్తం పోయింది. ఆ పిల్లాడే పదిహేనేళ్ల వయసులో, 1824లో, ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. వేలి కొసతో తడిమి చదివే లిపి. కాగితం మీద ఆ చుక్కలు పొడిచేది కూడా ఆరె లాంటి మొనతోనే. ఏ పనిముట్టు కళ్లు తీసిందో ఆ రకం పనిముట్టుతోనే అక్షరం పుట్టించాడు. ఆరె పట్టిన చేతులున్న మన ఇళ్లలో ఈ కథ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

ఆ లిపిని ఆయన చదివిన బడివాళ్లే చాలా కాలం ఒప్పుకోలేదు. చూపున్నవాళ్లకు అర్థంకాని లిపి ఎందుకన్నారు. ఆయన 1852లో చనిపోయాడు. 1854లో గాని ఆ బడి దాన్ని అధికారికంగా తీసుకోలేదు. చదువు ఎవరికి కావాలో వాళ్లు తయారుచేసుకున్న దారిని పెద్దమనుషులు ముందు కాదంటారు, తర్వాత విగ్రహం పెడతారు. ఇదీ మనకు తెలిసిన కథే.

గొంతుతో పుస్తకం చేసిన కథ ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న అమెరికా సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. 1944లో చేసిన చట్టం ప్రకారం సైనికుల కాలేజీ ఫీజులు ప్రభుత్వం కట్టింది. ఫీజు కట్టింది గాని, చూపులేని వాడికి పాఠం ఎవరు చదివి పెట్టాలి? ఆ సైనికులు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి ఉత్తరాలు రాశారు. ఆ లైబ్రరీలో స్వచ్ఛందంగా పనిచేసే ఆన్ మెక్‌డొనాల్డ్ అనే ఆమె, తోటి ఆడవాళ్లు 1948లో ఆ పని నెత్తికెత్తుకున్నారు. పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేశారు. ఆనాటి చిన్న రికార్డు పళ్లెం ఒక పక్కన పట్టేది సుమారు 12 నిమిషాల పాఠమే. అలాంటి పళ్లాలు గుట్టలుగా చేసి పోస్టులో పంపారు. ప్రభుత్వం చట్టం చేసి మర్చిపోయిన చోట ఒక లైబ్రరీ, కొందరు ఆడవాళ్లు, వాళ్ల గొంతులు నిలబడ్డాయి. ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తున్నది, డిస్లెక్సియా పిల్లలకు కూడా పుస్తకాలు వినిపిస్తున్నది.

అయితే అదే దేశంలో అదే కాలంలో జరిగిన ఇంకొకటి కూడా చెప్పాలి. లేకపోతే కథ సగమే. ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సార్జెంటు యుద్ధం ముగించుకొని 1946 ఫిబ్రవరి 12న సైన్యం నుంచి విడుదలై, ఒంటి మీద యూనిఫారంతోనే బస్సులో ఇంటికి పోతున్నాడు. దారిలో డ్రైవరుతో మాటామాటా వచ్చింది. దక్షిణ కరోలినాలో పోలీసులు దింపి కొట్టారు. రెండు కళ్లూ పోయాయి. కొట్టిన పోలీసు అధికారిని మొత్తం తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషి అన్నది. ఆయన కళ్లు యుద్ధంలో పోలేదు, ఇంటికి పోయే దారిలో పోయాయి. దళిత పాంథర్లు 1972లో నల్ల పాంథర్ల పేరు ఎందుకు పెట్టుకున్నారో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. చూపులేని వాళ్లందరూ ఒకటే అనకండి. చూపులేని వాళ్లలోనూ పై మెట్టు, కింది మెట్టు ఉన్నాయి. పట్నంలో పుట్టి ఇంగ్లీషు వచ్చి, చేతిలో కంప్యూటరున్న చూపులేని పిల్లాడికి దారి కొంత ఉంది. తెలుగు మీడియంలో చదివి, హాస్టల్లో ఉండి, కూలికి పోయే తల్లిదండ్రులున్న మన పిల్లకు దారి ఎక్కడ?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, చదువు సామాను ఉచితంగా ఇవ్వాలన్నది. పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలి, గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. మంచిదే. కానీ ఆలోచించండి. పరీక్ష హాల్లో రాసిపెట్టే మనిషిని ఇస్తారు. ఆ మనిషికి చెప్పడానికి జవాబు తలలోకి ఎక్కాలంటే ఏడాది పొడుగూ పుస్తకం చదివిపెట్టే మనిషి ఎవరు? పద్దెనిమిదేళ్లు నిండి డిగ్రీలో చేరిన పిల్లకు పుస్తకం ఎవరివ్వాలి? కుండ నిండా నీళ్లు తాగొచ్చు అని చట్టం రాసి, బావి దగ్గర తాడు ఇవ్వకపోతే ఎట్లా?

ఆ తాడే వినే పుస్తకం. ఆడియో పుస్తకం.

చాలామంది కార్యకర్తలు ఒక భయం చెబుతున్నారు. "ఇంకొకరు రాసిన పుస్తకం మనం రికార్డు చేస్తే కేసు పెడతారేమో" అని. ఆ భయం వద్దు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సెక్షన్ 52లో కొత్తగా చేర్చిన మాట ఏమిటంటే, వికలాంగులు మామూలు రూపంలో చదవలేని పుస్తకాన్ని వాళ్లకు అందే రూపంలోకి ఎవరైనా మార్చి ఇవ్వొచ్చు. రచయిత అనుమతి అక్కర్లేదు. రెండు షరతులున్నాయి. ఒకటి, లాభానికి అమ్మగూడదు, అయిన ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. రెండు, అది అచ్చు అందని వాళ్లకే చేరాలి, మామూలు బజారులోకి పోగూడదు. అంటే అలాంటి పుస్తకాన్ని యూట్యూబులో అందరికీ పెట్టేస్తే తప్పు. మన చెల్లె ఫోనులో పెడితే తప్పు కాదు, హక్కు. ఈ తేడా ప్రతి కార్యకర్తా గుర్తుపెట్టుకోవాలి. 2013లో మరాకేష్ నగరంలో ఇదే విషయం మీద ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని అందరికంటే ముందు, 2014 జూన్‌లో, ఆమోదించిన దేశం మనదే. సంతకం పెట్టడంలో ముందున్న దేశం పుస్తకం ఇవ్వడంలో ఎక్కడుందో ఢిల్లీని అడగాలి.

రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే ఆ పుస్తకం అందరిదీ. బాబాసాహెబ్ 1956లో పోయారు. అంటే ఆయన బతికుండగా అచ్చయిన రచనలు, 1936 నాటి కులనిర్మూలనతో సహా, 2017 జనవరి నుంచి జనం ఆస్తి. ఫూలే 1873లో రాసిన గులాంగిరి ఎప్పుడో అందరిదయింది. అయితే తెలుగు అనువాదానికి హక్కు వేరే ఉంటుంది, అనువాదకుడు చనిపోయిన సంవత్సరాన్ని బట్టి చూసుకోవాలి. జాషువా 1971లో పోయాడు కాబట్టి గబ్బిలానికి ఇంకా కాపీరైటు ఉంది. ఉన్నా సరే, చూపులేని వాళ్లకు చదివి ఇవ్వడానికి పైన చెప్పిన సెక్షన్ ఉంది. అడ్డం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అని ఒకటి మొదలుపెట్టింది. ఇంటర్నెట్టు ద్వారా అచ్చు అందని వాళ్లకు పుస్తకాలిచ్చే లైబ్రరీ. మన పిల్లలను దానిలో చేర్పించాలి. కానీ ఒక మాట. ఏ లైబ్రరీలోనైనా అలమరలోకి పుస్తకం తనంతట తను నడిచి రాదు. ఎవరో ఎన్నుకుంటారు, ఎవరో చదువుతారు. స్వచ్ఛందంగా చదివే మనిషి తన ఇంట్లో ఉన్న పుస్తకమే చదువుతాడు. పురాణాలు, భక్తి పాటలు, వ్యక్తిత్వ వికాసం ఉన్న ఇంట్లో నుంచి అవే వస్తాయి. అంబేద్కర్ ఉన్న ఇంట్లో నుంచి అంబేద్కర్ వస్తాడు. ఎవడో మన పుస్తకం చదవలేదని ఏడిస్తే లాభం లేదు. చూపులేని దళిత పిల్ల చేతిలో కులనిర్మూలన లేకపోతే మొదటి నేరం మనదే.

ఆ నేరం ఒప్పుకుంటున్నాం గనక ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు ఫోన్లలో తెలుగు అక్షరాన్ని చదివి వినిపించే ఏర్పాటు ఉంది. కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. చూపులేని వాళ్లు దానితో ఉద్యోగాలు చేస్తున్నారు. కానీ అది చదవాలంటే అక్షరం యూనికోడులో ఉండాలి. మన పత్రిక ఇన్నేళ్లూ పాత డీటీపీ ఫాంట్లలో కంపోజు అయింది. కంటికి అది "కులం" అని కనపడుతుంది. లోపల కంప్యూటరుకు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు, గుర్తులు. ఆ ఫైలు పంపిస్తే చూపులేని పాఠకుడికి గోల తప్ప మాట వినపడదు. కులం గోడలు కూలగొడతామని రాస్తూ రాస్తూ మన ఫైలు చుట్టూ మనమే గోడ కట్టుకున్నాం. వచ్చే సంచిక నుంచి పత్రిక యూనికోడులో కంపోజు అవుతుంది. అడిగిన వాళ్లకు అక్షరాల ఫైలు ఫోనుకు పంపుతాం.

"మిషనే చదివితే మళ్లీ మనుషులెందుకు?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మిషను వార్త చదువుతుంది, ఉత్తరం చదువుతుంది. పాత పుస్తకం స్కాను చేస్తే ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడతాయి. పటం ఉంటే దాటేస్తుంది. పట్టికలో అంకెలన్నీ కలగాపులగంగా చదివేస్తుంది. మన యాసలో రాసిన కథను రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటులా చదువుతుంది. అందుకని రెండూ కావాలి. రోజువారీ పనికి మిషను, పాఠానికీ పుస్తకానికీ మనిషి.

ఇంకో హెచ్చరిక. ఆడియో వచ్చింది గదా, ఇక బ్రెయిలీ ఎందుకని కొందరు అధికారులు అంటున్నారు. ఈ మాట నమ్మొద్దు. వింటే విషయం తెలుస్తుంది, అక్షరం రాదు. తన పేరు తను రాసుకోవాలన్నా, ఒత్తు ఎక్కడ, సున్న ఎక్కడ అని తెలియాలన్నా చిన్నప్పుడు బ్రెయిలీ నేర్పాల్సిందే. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో భారతి బ్రెయిలీ 1951 నుంచి ఉంది. ఖర్చు తగ్గించుకోవడానికి మన పిల్లల్ని నిరక్షరాస్యులుగా ఉంచి చేతిలో ఫోను పెడతామంటే ఒప్పుకోవద్దు. పసిపిల్లలకు బ్రెయిలీ, పెద్ద చదువుకు ఆడియో. ఒకదాన్ని చూపి ఇంకొకటి ఎగ్గొట్టడం కుదరదు.

పని పెద్దదేమీ కాదు. లెక్క వేసి చూద్దాం. 200 పేజీల పుస్తకం. పేజీకి రెండున్నర నిమిషాలు. మొత్తం 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైచిలుకు. నలుగురు కలిసి రోజుకు అరగంట చొప్పున చదివితే ఐదో రోజుకు చదవడం అయిపోతుంది. తప్పులు దిద్ది మళ్లీ చదవడం, విని సరిచూడడం కలిపి పక్షం రోజులు. ఈ పత్రిక ఒక సంచిక వచ్చే లోపల ఒక ఊరు ఒక పుస్తకం చెయ్యగలదు. చిన్న మెమరీ కార్డులో అలాంటి పుస్తకాలు నూరు పడతాయి. అంబేద్కర్ భవనంలో ఒక గది, ఒక ఫోను, నలుగురు మనుషులు. కావలసింది ఇంతే.

ఎట్లా చదవాలో చూపులేని విద్యార్థులనే అడిగి రాసుకున్నాం. ఆ మాటలు ఇవి.

ఫ్యాను ఆపెయ్యండి. కిటికీ మూసి ఒక దుప్పటి కట్టండి. వెనక సంగీతం పెట్టొద్దు, అది సినిమా కాదు. మొదట పుస్తకం పేరు, రచయిత, అనువాదకుడు, అచ్చు వేసినవాళ్లు, సంవత్సరం చెప్పండి. ప్రతి పేజీ మొదట్లో పేజీ నంబరు చెప్పండి, క్లాసులో సారు "47 తియ్యండి" అన్నప్పుడు వాళ్లు కూడా తియ్యాలి. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. 01, 02 అని వరస నంబర్లు పెట్టండి. లేకపోతే ఎనిమిది గంటల పుస్తకంలో కావలసిన ముక్క వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. బొమ్మ ఉంటే అందులో ఏముందో చెప్పండి. పటం ఉంటే ఏది ఏ దిక్కున ఉందో చెప్పండి. పట్టిక ఉంటే వరస వరసగా చదవండి. కష్టమైన ఇంగ్లీషు మాట వస్తే అక్షరం అక్షరం చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైనది. ఉన్నది ఉన్నట్టు చదవండి. కులం పేరు పెట్టి తిట్టిన వాక్యం పుస్తకంలో ఉంటే నోటికి రావడం లేదని దాటెయ్యొద్దు. వాళ్లకు అర్థంకాదేమోనని కుదించి చెప్పొద్దు. మధ్యలో మీ అభిప్రాయం కలపొద్దు. వాళ్లకు కావలసింది మీ జాలి కాదు, పుస్తకం. పూర్తి పుస్తకం. వినేవాడు ఒప్పుకోవాలా, తిట్టుకోవాలా అన్నది వాడి ఇష్టం.

"నాది పల్లె యాస, ఉచ్చారణ సరిగ్గా రాదు" అని వెనక్కి పోతున్న అక్కలారా, మీకే చెబుతున్నాం. ష, స తేడా పలకలేదని రేడియోల నుంచీ స్టేజీల నుంచీ మనల్ని నెట్టేశారు. ఇక్కడ ఆ పరీక్ష లేదు. గబగబా చదవకండి, తెలియని మాట అడిగి చదవండి. అంతే. మన కథ మన యాసలో వింటే వినేవాళ్ల మనసు కుదుటపడుతుంది. చూపులేని వాళ్లు వినడానికే ఉన్నారని మాత్రం అనుకోవద్దు. రికార్డయిన ప్రతి ఫైలూ విని "ఇది పనికొస్తుంది, ఇది మళ్లీ చదవండి" అని తీర్పు చెప్పేది వాళ్లే. ఏ పుస్తకం ముందు చెయ్యాలో చెప్పేది వాళ్లే. డీఎస్సీ, గ్రూప్స్ పుస్తకాలు ముందు కావాలంటే అవే ముందు. వాళ్ల కడుపు నిండే చదువు ముందు, మన సిద్ధాంతం తర్వాత.

ఇక ప్రభుత్వం సంగతి. మనం గొంతు ఇస్తున్నాం గదా అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటానంటే ఊరుకోం. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. రసీదు తీసి చూసుకోండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ డబ్బు లైబ్రరీలకు పోవాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు బకాయి పెడుతున్నాయని పేపర్లలో చదువుతూనే ఉన్నాం. చూపులేని వాడి ఇంటి మీద కూడా ఆ సెస్సు పడుతున్నది. వాడికి లైబ్రరీలో ఏముంది? గోడలు తడుముకోవడం తప్ప? 1914లోనే గ్రంథాలయ సంఘం పెట్టుకొని, 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలవ గట్టు ఊళ్లకు పంపిన తెలుగువాళ్లం మనం. పడవ ఎక్కిన పుస్తకం ఫోను ఎక్కలేదా?

అందుకే మా డిమాండ్లు.

ఒకటి, రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక రికార్డింగు గది, ఒక వినే గది పెట్టాలి. అందులో చూపులేని వాళ్లకే ఉద్యోగం ఇవ్వాలి.

రెండు, ప్రభుత్వం అచ్చువేసే ప్రతి పాఠ్యపుస్తకం అచ్చు పుస్తకంతో పాటే యూనికోడు ఫైలుగా, ఆడియోగా, బ్రెయిలీలో రావాలి. జూన్‌లో అందరికీ పుస్తకం వస్తే చూపులేని పిల్లకు కూడా జూన్‌లోనే రావాలి, మార్చిలో కాదు.

మూడు, ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్లలో అచ్చు అందని విద్యార్థులందరికీ వినే పరికరం ఇవ్వాలి. ఏ హాస్టల్లో ఎంతమంది ఉన్నారో లెక్క బయటపెట్టాలి.

నాలుగు, బడిలో "మొద్దు" అన్న ముద్ర వేసే ముందు ఆ పిల్లాడికి డిస్లెక్సియా ఉందేమో పరీక్ష చేయించాలి.

అడిగేది అడుగుదాం, చేసేది చేద్దాం. ప్రతి గ్రామ కమిటీ ఈ పక్షంలో మూడు పనులు చెయ్యాలి. వాడలో అచ్చు అందని వాళ్లెవరో ఇల్లిల్లూ తిరిగి రాయాలి, ముసలివాళ్లను వదలొద్దు. చదవగలిగే నలుగురి పేర్లు రాయాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. వాళ్లకు ముందు ఏ పుస్తకం కావాలో అడిగి రాసి మాకు పంపాలి.

మొదటి పని మేమే మొదలుపెట్టాం. ఈ సంచిక మొత్తం, ఈ సంపాదకీయంతో సహా, మొన్న ఆదివారం సంఘం ఆఫీసులో నలుగురం కూచుని చదివి రికార్డు చేశాం. మూడుచోట్ల తడబడ్డాం. ఒకచోట కోడి కూసింది. ఆ చెల్లెకు పంపాం. రాత్రికే ఫోను చేసింది.

"రెండో పేజీల ఒక పేరా దాటిండ్రు అన్నా. మల్ల చదువుండ్రి" అన్నది.

మళ్లీ చదివాం.